ఒకే లాట్‌లో 50కి 3 పేలలేదు: తప్పు తూటాదా, రైఫిల్‌దా?

#1 గుత్తి గురి (అనంతపురం)
ఆదివారం, రాత్రి 8:40

.22 టార్గెట్ రైఫిల్, బోల్ట్ యాక్షన్. స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు, 40 గ్రెయిన్ల సీసపు గుండు, దూరం 50 మీటర్లు. కొత్త లాట్ (ఫ్యాక్టరీలో ఒకే దఫాలో తయారైనవి) పెట్టె విప్పి 50 కొడితే 3 మొదటి దెబ్బకి పేలలేదు. వాటిని తిప్పి మళ్ళా పెడితే 2 పేలినాయి, ఒకటి రెండోసారీ పేలలేదు. పాత లాట్‌తో అదే పూట 50 కొడితే ఒక్కటీ ఆగలేదు.

డీలర్ రైఫిల్ చూపించుకోమంటాడు. రైఫిల్ చూసిన మనిషి తూటాలు మార్చమంటాడు. ఎవరి మాట వినాల? ఎట్ల తేల్చుకోవాలో వరసగా చెప్పండి.

---

#2 మైక్రోమీటరు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 9:25

అన్నా, ముందు లెక్క చూద్దాం. వెయ్యికి ఒకటి పేలకుండా పోయే లాట్ అనుకో. అలాంటి లాట్‌లోంచి తీసిన 50లో 3 ఆగడం లక్షసార్లకి రెండుసార్లు కూడా జరగదు. కాబట్టి ఇది అదృష్టం బాగాలేక జరిగింది కాదు. ఎక్కడో తప్పు ఉంది.

కానీ "పాత లాట్‌లో ఒక్కటీ ఆగలేదు, కాబట్టి కొత్త లాట్‌దే తప్పు" అనడానికి ఈ 50-50 చాలదు. తప్పు రైఫిల్‌దే అనుకుందాం, రెండు లాట్లకీ సమానంగా తగులుతుందనుకుందాం. అప్పుడు కూడా ఆ మూడూ కొత్త లాట్ వైపే పడే అవకాశం నూటికి 12. తీర్పు చెప్పడానికి 12 పెద్ద సంఖ్య.

చేయాల్సింది అడ్డంగా, నిలువుగా పరీక్ష. రెండు రైఫిళ్ళు, రెండు లాట్లు. ఒక్కో జతకి 100 రౌండ్లు. ఒక లాట్ అంతా కొట్టి తర్వాత ఇంకోటి మొదలుపెట్టొద్దు. పది ఇది, పది అది, మార్చి మార్చి కొట్టాలి. లేకపోతే ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) మురికి పెరిగేకొద్దీ ఆ పాపం రెండో లాట్ మీద పడుతుంది.

పరీక్షకి ముందు రెండు విషయాలు చెప్పు. పేలని తూటా రిమ్ (అడుగు చుట్టూ ఉండే అంచు) మీద పిన్ కొట్టిన గుంట, పేలిన ఖాళీ మీద గుంట పక్కపక్కన పెడితే ఒకే లోతు ఉన్నాయా? రెండోసారి పెట్టినప్పుడు తూటాని ఎంత తిప్పినావు?

---

#3 పెన్నా ఒడ్డు (కడప)
ఆదివారం, రాత్రి 10:05

.22లో రెండో దెబ్బకి పేలిందంటే నేను మొదట అనుమానించేది ఛాంబర్‌ని. ఈ గుండ్లకి పైన మైనం లాంటి పూత ఉంటుంది. అది, కాలిన మందు మసి, సీసం పొడి కలిసి ఛాంబర్ చివర గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. తూటా పూర్తిగా లోపలికి కూర్చోదు, రిమ్ ఒక వెంట్రుకవాసి బయటే ఉంటుంది. పిన్ కొట్టిన మొదటి దెబ్బ బలం తూటాని లోపలికి నెట్టడానికే సరిపోతుంది. రెండో దెబ్బకి వెనక ఆధారం గట్టిగా ఉంటుంది, పేలుతుంది. అందుకే రెండోసారి పేలినంత మాత్రాన తూటా మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు.

లాట్ మారితే పూత మారొచ్చు. ఒక పూత మీద ఇంకో పూత కలిస్తే మరింత జిగురు. పాత లాట్‌కి బాగా నడిచిన ఛాంబర్ కొత్త లాట్‌కి మొరాయించడానికి ఇదొక కారణం.

ఏం చేయాలంటే: రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, ఛాంబర్ బ్రష్‌తో సాల్వెంట్ పెట్టి పది నిమిషాలు వదిలి, గుడ్డముక్కలతో పూర్తిగా ఆరబెట్టాలి. నూనె తడి ఒక్క చుక్క కూడా ఛాంబర్‌లో మిగలకూడదు. బోల్ట్ లోపల పిన్ దారి కూడా శుభ్రం చేసి, గ్రీజు పెట్టకుండా పొడిగా బిగించాలి. గ్రీజు ముద్ద కట్టి పిన్ వేగం తగ్గడం చాలా మామూలు. తర్వాత ఒక తూటాని బొటనవేలితో నెడితే రిమ్ తన చోట ఆనాలి. చివర్లో బోల్ట్‌తో బలవంతంగా తొయ్యాల్సి వస్తే ఇంకా మురికి ఉన్నట్టే. ఇదంతా రేంజ్‌లోనే, గొట్టం టార్గెట్ వైపు పెట్టి చూసుకోవాలి. ఇంట్లో తూటా పెట్టి చూడొద్దు.

---

#4 గుత్తి గురి (అనంతపురం)
సోమవారం, ఉదయం 6:50

గుంటలు చూసినా. కంటికి ఒకే లోతుగా ఉండాయి. రెండోసారి సుమారు సగం చుట్టు తిప్పి పెట్టినా. ఛాంబర్ శుభ్రం చేసి 500 రౌండ్ల పైనే అయింది. ముందు అది చేసి, తర్వాత మైక్రోమీటరన్న చెప్పిన పరీక్ష పెడతా.

---

#5 తనిఖీ గది (కర్నూలు)
సోమవారం, ఉదయం 11:15

గుంట లోతు సమానంగా ఉండి, సగం చుట్టు తిప్పితే పేలిందంటే, పెన్నా ఒడ్డు గారు చెప్పిందే కాక ఇంకో కారణం కూడా సరిపోతుంది: రిమ్‌లో ప్రైమింగ్ (దెబ్బ తగిలితే అంటుకుని మందుని వెలిగించే రసాయనం) ఖాళీ.

సెంటర్‌ఫైర్ తూటాకి, అంటే అడుగు మధ్యలో పిన్ కొట్టేదానికి, ప్రైమర్ విడిగా ఒక గిన్నె. .22కి అలా కాదు. తడి ప్రైమింగ్ ముద్దని ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) అడుగున వేసి, కేసుని వేగంగా తిప్పితే అది చుట్టూ ఉన్న రిమ్ మడతలోకి పాకుతుంది. తర్వాత ఆరబెడతారు. ముద్ద తక్కువైనా, ఎక్కువ గట్టిపడినా, తిప్పడం తగ్గినా, కేసు లోపల నూనె మిగిలినా రిమ్ చుట్టూ సమానంగా పాకదు. చుట్టూ ఉండాల్సింది ఒకచోట తెగుతుంది. పిన్ కొట్టేది రిమ్ మీద ఒక చిన్న చోట మాత్రమే కాబట్టి, ఆ చోటే ఖాళీ అయితే పేలదు. పక్కన కొడితే పేలుతుంది. ఎన్ని చోట్ల కొట్టినా పేలని తూటాకి కారణం వేరు: ప్రైమింగ్ అసలు పడలేదు, లేదా తేమో నూనో తగిలి చచ్చింది.

ఇది ఫ్యాక్టరీలో ఎందుకు దొరకదు అని చాలామంది అడుగుతారు. నమూనా తనిఖీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. మన దేశంలో లాట్ నమూనా తనిఖీకి ఐ.ఎస్. 2500 మొదటి భాగం ఉంది, అది ఐ.ఎస్.ఓ. 2859కి సరిసమానం. 10,001 నుంచి 35,000 దాకా ఉన్న లాట్‌కి మామూలు స్థాయిలో నమూనా 315. ఉదాహరణకి ఏ.క్యూ.ఎల్. (ఒప్పుకోదగ్గ లోపాల శాతం) 0.65 పెట్టుకుంటే ఆ 315లో 5 లోపాల దాకా లాట్ పాస్, 6 వస్తే ఫెయిల్. ఇప్పుడు లాట్‌లో నిజంగా నూటికి ఒకటి చెడ్డదైతే? నూరు అలాంటి లాట్లలో 90 దాకా పాస్ అవుతాయి. ఒక్క లోపం కూడా ఒప్పుకోం అనే కఠిన నిబంధన పెట్టినా, వెయ్యికి ఒకటి చెడిన లాట్ 315 నమూనాతో నూటికి 73 సార్లు దాటిపోతుంది.

అందుకే ప్రాణం మీదికి తెచ్చే లోపాలకి నమూనా ఒక్కటే చాలదు. మందు పడిందా, ప్రైమర్ లోతు సరిగా ఉందా, పొడవు సరిపోయిందా అనేవి లైను మీద ప్రతి తూటాకీ యంత్రంతో చూడాలి. రిమ్ లోపల ప్రైమింగ్ సమంగా పాకిందా అనేది మూసేశాక బయటినుంచి కనిపించదు. మూయకముందు చూడాలి, మూసినాక కాల్చి మాత్రమే తెలుస్తుంది. .22లో మిస్‌ఫైర్ (పిన్ కొట్టినా పేలకపోవడం) మిగతావాటికన్నా ఎక్కువ కావడానికి అసలు కారణం ఇదే.

---

#6 బనగానపల్లె బోల్ట్ (కర్నూలు)
సోమవారం, మధ్యాహ్నం 2:30

తనిఖీ గది సార్, .22 సంగతి అర్థమైంది. 30-06, .315 లాంటి పెద్ద సెంటర్‌ఫైర్ రైఫిళ్ళు వాడే లైసెన్సుదారులు పెట్టె విప్పగానే ఏం చూసుకోవాలి? తూటా విప్పకుండా కంటితో, చేత్తో అయ్యే పనులు చెప్పండి.

---

#7 మైక్రోమీటరు (కర్నూలు)
సోమవారం, రాత్రి 8:10

సార్ రాసేలోపు నేను మొదలుపెడతా. తప్పుంటే సార్ దిద్దుతారు.

ప్రైమర్ ముందు. అది కేసు అడుగు మట్టానికి సమంగా గానీ, 0.1 మి.మీ. లోపలికి గానీ ఉండాలి. తూటాని గాజు పలక మీద అడుగు ఆనేలా నిలబెట్టు. ఊగిందంటే ప్రైమర్ బయటికి పొడుచుకొచ్చినట్టే, పక్కన పెట్టు. అలాంటిది బోల్ట్ రైఫిల్‌లో ఎక్కువగా మిస్‌ఫైర్ అవుతుంది. పిన్ దెబ్బ ప్రైమర్‌ని లోపలికి కూర్చోబెట్టడానికే ఖర్చవుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో అయితే బోల్ట్ మూసుకుంటున్నప్పుడే పేలే ప్రమాదం. తలకిందులుగా కూర్చున్న ప్రైమర్, పక్కకి ఒరిగినది, అంచు చితికినది కంటికే కనిపిస్తాయి. పెట్టెలో ఒక్కటి అలాంటిది దొరికినా ఆ పెట్టె మొత్తం చూడకుండా వాడొద్దు.

తర్వాత పొడవు. 30-06కి గరిష్ఠ మొత్తం పొడవు 84.84 మి.మీ. డిజిటల్ కాలిపర్‌తో పెట్టెలో పదింటిని కొలువు. గుండు కొన ఆకారం వల్ల కొద్దిపాటి తేడా ఎప్పుడూ ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కరలేదు. ఒకటి మాత్రం మిగతావాటికన్నా బాగా పొట్టిగా ఉంటే గుండు లోపలికి జారింది, కేసు మెడ (గుండుని పట్టుకునే సన్నని భాగం) పట్టు లేదు. లోపల చోటు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. పొడవెక్కువైతే గుండు గొట్టం లోపలి మెలిక గాడుల్లో ఇరుక్కుంటుంది. కాల్చకుండా బోల్ట్ వెనక్కి లాగితే గుండు గొట్టంలోనే ఉండిపోయి, మందు మ్యాగజీన్‌లో ఒలుకుతుంది.

మెడ, దాని కింద ఏటవాలుగా ఉండే భుజం. వెలుతురులో తిప్పుతూ చూడు, నిలువు గీతలాంటి పగులు ఉంటుందేమో. మెడ దగ్గర నీలి, గోధుమ ఛాయలో మరక కనిపిస్తే భయపడకు, అది మెడని మెత్తబరచడానికి వేడి చేసిన గుర్తు. కొందరు తయారీదారులు దాన్ని పాలిష్ చేసి తీసేస్తారు, కొందరు వదిలేస్తారు. ఆ మరక లోపం కాదు.

కాల్చాక ఖాళీని కూడా చూడు. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు, సగం సమాచారం ఖాళీలోనే ఉంటుంది. అడుగు నుంచి 6-10 మి.మీ. పైన చుట్టూ మెరిసే ఉంగరం కనిపిస్తే కేసు అక్కడ సాగి పలచబడింది. సన్నని తీగ కొన వంచి లోపల గీస్తే గాడి తగులుతుంది. ఇంకోసారి అలాగే అయితే కేసు రెండు ముక్కలవుతుంది, వేడి గ్యాసు వెనక్కి వస్తుంది. కారణం రెండిట్లో ఒకటి: కేసు భుజం వెనక్కి ఉంది, లేదా రైఫిల్ హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) పెరిగింది. ఇంకో తయారీ తూటాకి కూడా అదే ఉంగరం వస్తే రైఫిల్‌నే అనుమానించు, గేజ్‌తో చూపించు. .315కి రిమ్ ఉంటుంది, అది రిమ్ మీదే ఆనుతుంది. దానికి చూడాల్సింది భుజం కన్నా రిమ్ మందం.

చదునైన ప్రైమర్ చూసి "ఒత్తిడి ఎక్కువ" అనడం తొందరపాటు. ప్రైమర్ గిన్నె మెత్తగా ఉన్నా, హెడ్‌స్పేస్ ఎక్కువైనా చదునవుతుంది. నమ్మదగిన గుర్తులు వేరు: బోల్ట్ ఎత్తడం బిగుసుకోవడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీని బయటికి తన్నే భాగం) రంధ్రం అచ్చు మెరుస్తూ పడడం, ప్రైమర్ చుట్టూ మసి, ప్రైమర్ ఊడిపోవడం. 30-06కి సి.ఐ.పి. (తూటాల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) గరిష్ఠ ఒత్తిడి 4050 బార్. .22కి 1700. అంత ఒత్తిడి వేడి గ్యాసు వెనక్కి తిరిగితే ఏమవుతుందో ఊహించుకోవాల్సిందే. ఈ గుర్తుల్లో ఒకటి కనిపించినా ఆ లాట్ అక్కడితో ఆపేయాలి.

---

#8 నల్లమల నీడ (కర్నూలు)
సోమవారం, రాత్రి 8:55

పై పోస్టు చదివినవాళ్ళు ఇది కూడా చదవండి. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం.

ట్రిగ్గర్ నొక్కితే "టిక్" అని మాత్రమే వస్తే: గొట్టం టార్గెట్ వైపే ఉంచి, కదలకుండా కనీసం 30 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలే తూటా ఉంటుంది. ఆగాక, బోల్ట్ వెనక ముఖం పెట్టకుండా పక్కనుంచి తెరవాలి.

"ఢాం" బదులు "టుస్" అని వస్తే, రైఫిల్ వెనక్కి తన్నకపోతే, టార్గెట్ మీద చిల్లు పడకపోతే: ఆపెయ్. గుండు గొట్టంలోనే ఉండి ఉంటుంది. బోల్ట్ తీసి, ఛాంబర్ ఖాళీ అని చూసుకుని, వెనకనుంచి దీపం వేసి చూడాలి. అనుమానం ఉంటే క్లీనింగ్ రాడ్ పెట్టి చూడాలి. ఇంకో రౌండ్ కొట్టి దాన్ని బయటికి నెట్టేద్దామనుకోవడం గొట్టం పగిలే పని. గొట్టం లోపల ఒకచోట నల్లటి ఉంగరంలా కనిపిస్తే అక్కడ ఉబ్బింది, ఆ గొట్టం ఇంక పనికిరాదు.

---

#9 రేగడి నేల (అనంతపురం)
మంగళవారం, ఉదయం 7:20

అన్నలారా, ఇత్తడి గురించి ఒక సందేహం. పాత 30-06 పెట్టెలో కొన్నిటికి మెడ కాడ పగుళ్ళు ఉండాయి. కాల్చినవి కాదు, పెట్టెలో ఉన్నవే. తోలు పటకాలో పెట్టినవాటికి చిలుము పట్టింది. చింతపండుతో రుద్దితే పోతుందా? తోటల్లో లైసెన్సు ఉన్నోళ్ళు చానామంది తూటాలు, ఎరువుల మూటలు ఒకే గదిలో పెడతారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

---

#10 తనిఖీ గది (కర్నూలు)
మంగళవారం, మధ్యాహ్నం 12:40

చాలా మంచి ప్రశ్న అడిగావు నాయనా. సంబంధం ఉంది, దీనికి మన దేశంలోనే ఒక చరిత్ర ఉంది.

బ్రిటిష్ కాలంలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాలని గుర్రపు సాలల్లో నిల్వ చేసేది. వానలు తగ్గి పెట్టెలు విప్పితే ఒక్కటీ కాల్చకుండానే కేసులు పగిలి ఉండేవి. ఋతువుతో వచ్చే పగులు కాబట్టి ఇంగ్లీషులో దానికి "సీజన్ క్రాకింగ్" అని పేరు పడింది. అసలు కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే పగులు. మూడిట్లో ఒకటి తీసేసినా పగలదు.

బిగువు ఎక్కడిది? తూటా ఇత్తడి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. చిన్న గిన్నెని దఫాలుగా లాగి లాగి గొట్టం చేస్తారు, చివర భుజం, మెడ నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ లోహం గట్టిపడి, లోపల ఒత్తిడి దాచుకుంటుంది. అందుకే చివర్లో మెడనీ భుజాన్నీ వేడి చేసి ఆ బిగువు వదిలిస్తారు. అడుగు భాగం మాత్రం గట్టిగానే ఉండాలి, వేడి అక్కడిదాకా పాకకూడదు. పాకితే ప్రైమర్ గుంట వదులవుతుంది. ఆ వేడి మెడకి అందకపోయినా, ఒకవైపే తగిలినా కేసు అప్పటికి బాగానే కనిపిస్తుంది. ఏళ్ళు గడిచాక పగులుతుంది. కాబట్టి కాల్చని తూటా మెడ పగిలిందంటే ఫ్యాక్టరీలో వేడి చేయడం సరిగా లేకపోవడం, నిల్వ సరిగా లేకపోవడం, రెండూ లెక్కలోకి వస్తాయి. ఫ్యాక్టరీ ప్రయోగశాలలో దీన్ని మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచి పరీక్షిస్తారు. పాదరసం విషం, అది ఇంట్లో చేసే పని కాదు.

యూరియా తేమ తగిలితే కుళ్ళి అమ్మోనియా వదులుతుంది. గొడ్ల కొట్టం, కోళ్ళ షెడ్డు, ఎరువుల గది, మూడూ తూటాలకి శత్రువులే. అనంతపురం గాలి ఏడాదిలో చాలా భాగం పొడిగా ఉంటుంది నిజమే. కానీ వానాకాలంలో మూసిన గదిలో యూరియా మూట చెమ్మగిల్లితే చాలు.

చింతపండు వద్దు. ఇంట్లో బిందెకి, చెంబుకి రుద్దినట్టు తూటాకి రుద్దకూడదు. పులుపు ఇత్తడిలోంచి జింకుని లాగేస్తుంది, గులాబీ రంగు తేలుతుంది, అక్కడ లోహం బలహీనం. తడి ప్రైమర్ అంచు నుంచి లోపలికి వెళ్తుంది. లోహం మెరిపించే కొన్ని పాలిష్‌లలో అమ్మోనియానే ఉంటుంది, అవి ఇంకా చేటు. తోలులో ఊనిన రసాయనాల వల్లే ఆ చిలుము. పొడి గుడ్డతో తుడిస్తే పోయేంత పలచగా ఉంటే తుడిచి ముందుగా వాడేయండి. గోరుకి గుంట తగిలేంత తిన్నదైతే వాడొద్దు. మెడ పగిలినవి ఎట్టి పరిస్థితిలోనూ కాల్చొద్దు.

---

#11 నల్లమల నీడ (కర్నూలు)
మంగళవారం, రాత్రి 7:30

తూటాలని గ్రాముల తక్కెడ మీద తూచి తేలికవాటిని తీసేస్తే మందు తక్కువైనవి దొరుకుతాయని చాలామంది అంటారు. .22కి కూడా తూచమంటారు. అది చేస్తే గుత్తి గురి అన్న సమస్య తీరదా?

---

#12 మైక్రోమీటరు (కర్నూలు)
మంగళవారం, రాత్రి 8:45

తీరదు తమ్ముడూ. మిస్‌ఫైర్ ప్రైమింగ్ సమస్య. ఆ ముద్ద బరువు తక్కెడకి కనపడేంత ఉండదు.

మందు సంగతికొస్తే, .22 తూటా మొత్తం 3.3 గ్రాముల చుట్టూ. అందులో గుండు 2.6, మందు 0.07 లాంటిది. గుండూ కేసూ కలిపి 0.03 గ్రాములు అటూ ఇటూ అయితే మందులో సగం తేడా కనపడకుండా మునిగిపోతుంది. 30-06లో మందు మూడు గ్రాముల పైన. మందు అసలు పడని తూటా అక్కడ తక్కెడ మీద తప్పకుండా దొరుకుతుంది. కానీ ఒకే లాట్ కేసుల్లోనే గ్రాములో కొన్ని పదో వంతుల తేడా ఉంటుంది, కొద్దిగా తక్కువ పడిన మందుని అది దాచేస్తుంది. చెవి దగ్గర ఊపి వినడం కూడా అంతే. కేసు దాదాపు నిండి ఉంటే మంచిదానికీ శబ్దం రాదు.

.22కి పనికొచ్చే కొలత రిమ్ మందం. ప్రమాణం 0.91 నుంచి 1.09 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది. రిమ్ పలచనైతే తూటా ఛాంబర్‌లో ముందుకి పోతుంది, పిన్ దెబ్బ తేలికగా తగులుతుంది. రెండోసారీ పేలకుండా మిగిలినదాని రిమ్ కొలవడం ప్రమాదం, దాన్ని కదపొద్దు. అదే పెట్టెలో కాల్చిన ఖాళీల రిమ్ ఇరవై కొలువు, పిన్ గుంట తగలని చోట. పాత లాట్ ఖాళీలవీ ఇరవై. కొత్తవి తేడాగా పలచగా ఉంటే అది బలమైన ఆధారం.

---

#13 నల్లమల నీడ (కర్నూలు)
మంగళవారం, రాత్రి 9:00

అర్థమైంది అన్నా. తూచడం 30-06కి మాత్రమే, అదీ మందు బొత్తిగా లేనివి పట్టడానికి.

---

#14 పెన్నా ఒడ్డు (కడప)
బుధవారం, ఉదయం 6:15

వేగం తేడా, ఎండ గురించి కూడా ఒక మాట. మిస్‌ఫైర్ కాకపోయినా లాట్ చెడ్డదో కాదో తేల్చేది అదే.

50 మీటర్ల దగ్గర .22 గుండు సుమారు 325 మీ/సె తో బయల్దేరితే, 10 మీ/సె తేడాకి గుండు నిలువుగా 7-8 మి.మీ. కిందో మీదో పడుతుంది. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది గీత వ్యాసం 10.4 మి.మీ., గీతకీ గీతకీ దూరం 8 మి.మీ. అంటే షూటర్ తప్పు లేకుండానే దాదాపు ఒక రింగ్ పోయినట్టు. గుంపు అడ్డంగా కుదురుగా ఉండి, నిలువుగా సాగితే వేగం చూడండి.

కానీ 5 రౌండ్లు క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) మీదుగా కొట్టి "ఈ లాట్ ఎస్.డి. 4" (వేగం సగటు నుంచి ఎంత చెదురుతుందో చెప్పే అంకె) అని రాయడం మానేయాలి. 5 రౌండ్ల మీద 4 వస్తే అసలు విలువ 2.4 నుంచి 11.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 30 కొడితే అదే 4కి అసలు విలువ 3.2 నుంచి 5.4 మధ్య. కొంటే 30 కొట్టి కొనాలి.

మన దగ్గర మే నెలలో ఉదయం ఆరింటికీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా. మందు వేడెక్కితే త్వరగా మండుతుంది, వేగమూ ఒత్తిడీ రెండూ పెరుగుతాయి. ఉష్ణోగ్రత రాయకుండా ఉదయం కొట్టిన లాట్‌ని మధ్యాహ్నం కొట్టిన లాట్‌తో పోల్చడం అన్యాయం. ఎండలో ఆపిన కారులో పెట్టె వదిలితే లోపల 60 దాటుతుంది. .22 పైపూత కరిగి ఒకవైపు చేరుతుంది, తర్వాత గుంపు చెదిరితే ఆ నింద ఫ్యాక్టరీ మీద వేస్తాం. కాలిన గొట్టంలో తూటా పెట్టి నిమిషం సేపు గురి చూసినా అదే తప్పు. ఇంట్లో రేకుల కప్పు గదిలో కాకుండా, తాళం వేసిన మధ్యగది పెట్టెలో, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి.

---

#15 గుత్తి గురి (అనంతపురం)
ఆదివారం, సాయంత్రం 6:30

పరీక్ష అయింది. రెండు రైఫిళ్ళకీ ఛాంబర్, పిన్ దారి శుభ్రం చేసి, పది పది మార్చి మార్చి కొట్టినాం. ఉదయం 7 నుంచి 10 వరకు, 27 నుంచి 33 డిగ్రీలు.

మొదటి రైఫిల్: కొత్త లాట్ 100కి 5 పేలలేదు, పాత లాట్ 100కి 0.
రెండో రైఫిల్: కొత్త లాట్ 100కి 4, పాత లాట్ 100కి 0.

ఆ 9లో 7 సగం చుట్టు తిప్పితే పేలినాయి. ఖాళీల రిమ్ కొలిస్తే రెండు లాట్లకీ తేడా లేదు. గుంట లోతులోనూ తేడా లేదు.

---

#16 మైక్రోమీటరు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 7:20

తేలిపోయింది అన్నా. తొమ్మిదీ కొత్త లాట్ వైపే, రెండు రైఫిళ్ళలోనూ. ఉత్తినే అలా పడే అవకాశం వెయ్యికి రెండు కూడా లేదు. ఛాంబర్ శుభ్రం చేశాక కూడా వచ్చింది కాబట్టి మైనం కాదు. రిమ్ మందం సమానం, తిప్పితే పేలుతున్నాయి, కాబట్టి ప్రైమింగ్ సమంగా పాకలేదు. తనిఖీ గది సార్ చెప్పిందే.

పాత లాట్ గురించి కూడా అతిగా నమ్మొద్దు. 200కి సున్నా వచ్చిందంటే, లోపం నూటికి ఒకటిన్నర కన్నా తక్కువ అని మాత్రమే ధీమాగా చెప్పగలం. 3ని రౌండ్ల సంఖ్యతో భాగిస్తే చాలు, 95 శాతం నమ్మకంతో గరిష్ఠం అదే. పోటీకి వాడేముందు 300 దాటనివ్వు.

---

#17 రేగడి నేల (అనంతపురం)
ఆదివారం, రాత్రి 8:05

పేలని ఆ 2, మిగిలిన పెట్టెలు ఏం చెయ్యాల? ఫిర్యాదు ఎట్ల రాయాల?

---

#18 తనిఖీ గది (కర్నూలు)
ఆదివారం, రాత్రి 9:10

పేలనివాటిని విప్పొద్దు, నీళ్ళలోనో చెత్తలోనో వేయొద్దు, కాల్చొద్దు. ప్రైమింగ్ బతికే ఉంటుంది. విడిగా ఒక చిన్న డబ్బాలో, "పేలనివి, 2" అని చీటీ అంటించి, తాళంలో పెట్టి, లైసెన్సు ఉన్న డీలర్‌కి చేతికి అప్పగించి రసీదు తీసుకోండి. పోస్టులో పేలుడు పదార్థాలు నిషేధం, కాబట్టి "నమూనా పంపండి" అని ఎవరైనా అడిగినా మీరు పంపొద్దు. అది డీలర్ ద్వారానే పోవాలి. ఆయుధాల చట్టం, 1959 ఐదో సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు కావాలి. విప్పి మందు మార్చడం, మళ్ళీ నింపడం జోలికి పోవద్దు.

ఫిర్యాదు ఒక్క పేజీ చాలు. లాట్ నెంబరు, పెట్టె మూత లోపలి ముద్ర ఫోటో, బిల్లు తేదీ. రైఫిళ్ళు రెండని, ఛాంబర్ శుభ్రం చేశాకే కొట్టారని. కొట్టినవి 200, ఆగినవి 9, తిప్పితే పేలినవి 7. అదే పూట, అవే రైఫిళ్ళతో పాత లాట్ 200కి సున్నా. ఉష్ణోగ్రత. గుంటల ఫోటో, ఒకే వెలుతురులో, పేలినదీ పేలనిదీ పక్కపక్కన. విప్పని పెట్టెలు ఎన్ని మిగిలాయో. కోపం, అనుమానం, "నాసిరకం" లాంటి మాటలు ఒక్కటీ రాయొద్దు. చదివేవాడు నాణ్యత విభాగం మనిషి అయితే అంకెలు చూడగానే లాట్ రికార్డు తీస్తాడు. ఆ షిఫ్టులో ప్రైమింగ్ ముద్ద ఎప్పుడు కలిపారో, యంత్రం ఎప్పుడు ఆగిందో అందులో ఉంటుంది.

ఒకటి మర్చిపోవద్దు. విప్పని పెట్టెల్లో కనీసం రెండు డీలర్‌కి ఇవ్వకుండా మీ దగ్గరే, అదే సీలుతో ఉంచండి. లాట్ నెంబరు బిల్లు మీద రాయించుకోలేదంటే ఇప్పుడైనా రాయించి సంతకం తీసుకోండి.

---

#19 గుత్తి గురి (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:35

బిల్లు మీద లాట్ నెంబరు లేదు సార్. రేపు పొద్దున్నే పోయి రాయించుకుంటా. విప్పనివి 6 పెట్టెలు ఉండాయి, 2 సీలుతో పెట్టేస్తా.